పొద్దు చెప్పే బిక్షమ్మ

పట్నం నుంచి వచ్చిన ఇంజినీరుతో బిక్షమ్మ కొట్లాడి గెలిచిన పొద్దున శ్యామలమ్మ అక్కడే ఉంది. బిక్షమ్మ కాపలా ఉండే రేకుల షెడ్డులో, ఫ్యాను కింద, జొన్నరొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా విన్నది. తర్వాత ఊళ్లో తలా ఒక రకంగా చెప్పుకున్నారు. బిక్షమ్మ ఇంజినీరు మీద చీపురు ఎత్తిందని ఒకరు, కాళ్లు పట్టుకుందని ఇంకొకరు. ఎత్తలేదు, పట్టుకోలేదు. శ్యామలమ్మ చదివింది రెండో తరగతే. చూసింది చూసినట్టు చెప్పడానికి అంతకన్నా చదువు అక్కర్లేదని ఆమె నమ్మకం.

ఇంజినీరు పేరు పరశురాం. భువనగిరి పిల్లవాడు, ముప్పై నిండలేదు. జీపు దిగుతూనే మొహం ముడుచుకుని వచ్చి, బల్ల మీద కంప్యూటర్ తెరిచాడు.

“బిక్షమ్మా, గిటు రా. సాటిలైటు పోయేటప్పుడు చాప మీద నిలబడొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పిన?”

“నేనెందుకు నిలబడ్త సారు? గీ షెడ్డులనే ఉన్న.”

“మరి గీ చుక్క ఏంది?”

తెర మీద, పైనుంచి తీసిన బొమ్మలో, నేల మీద పరిచిన తెల్లచాప చదరంగా కనబడుతోంది. దాని నడుమ ఆవగింజంత నల్లచుక్క, ఆ చుక్కను ఆనుకుని సన్నటి గీత.

“పైనుంచి సూస్తే మనిషి గిట్లనే కనబడ్తడు. గిది తలకాయ, గిది నీడ. సోమవారం వచ్చింది, బుధవారం వచ్చింది, నిన్న వచ్చింది. మూడు దినాలు, మూడు వేరే సాటిలైట్లు. మూడింటికీ కండ్లు పోయినయా?”

“మ్యాక జొచ్చిందేమో.”

“కంచె దాటి మ్యాకెట్ల వస్తది? నువ్వే. ఊడ్సుకుంట టైం మరిచినవ్. ఒప్పుకుంటే ఇక్కడికే అయిపోతది. లేకుంటే నేను పైకి రాయాలె. వాళ్లు ఇంకొకలను పెట్టుకుంటరు.”

శ్యామలమ్మకు ఒళ్లు మండింది. “ఏమయ్యా, పెండ్లాం మీది కోపం తెచ్చి మా మీద పోస్తున్నవా?” అన్నది.

“నాకింకా పెండ్లే కాలె అవ్వా.”

“అందుకే.”

బిక్షమ్మ నవ్వలేదు. వంగి తెరలోకి చూస్తూ ఉంది. వేలు పెట్టి, “గిటు తూర్పేనా సారు?” అని అడిగింది.

“అవు. పైకి ఉత్తరం, కుడి దిక్కు తూర్పు. తెర మీద వేలు పెట్టకు.”

“మీ సాటిలైటు ఎన్నిగొట్టంగ సూస్తది?”

“పదిన్నరకు. నీకు ఎరుకలేదా?”

“పదిన్నరకు పొద్దు ఏ దిక్కుంటది?”

“తూర్పు దిక్కు.”

“గప్పుడు నీడ ఏ దిక్కు పడాలె?”

“పడమటికి...” అని పరశురాం ఆగాడు.

“గీ షెడ్డు నీడ సూడు మీ బొమ్మల. పడమటికే ఉంది. కంచె కడీల నీడలు సూడు, అన్నీ పడమటికే. మీ చుక్క నీడ ఎటుంది?”

తూర్పుకు ఉంది. కంచెకు పాతిన రాతి కడీల నీడలన్నీ ఒకవైపు, ఆ చుక్క నీడ ఒక్కటే ఇంకోవైపు.

“నీడ తిరుగేసిన మనిషిని నేనెట్లయిత సారు?” అన్నది బిక్షమ్మ. “నాకున్నది ఒక్కటే నీడ. అది పొద్దు చెప్పినట్టు ఇంటది.”

పరశురాం మూడు బొమ్మలూ మార్చి మార్చి చూశాడు. కంప్యూటర్‌ను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, అది తిరిగితే దిక్కులు తిరుగుతాయన్నట్టు. చివరికి, “తప్పయింది బిక్షమ్మా. నువ్వు కాదు” అన్నాడు.

శ్యామలమ్మ విరగబడి నవ్వింది. “గంత పెద్ద సదువు గీ నీడ కాడ బోర్లపడె!” అని అతన్ని ఇంకా నాలుగు అనబోయింది. అప్పుడు చూసింది, తాను తప్ప అక్కడ ఎవరూ నవ్వడం లేదు. గెలిచిన మనిషి గెలిచినట్టు లేదు. గోడ పట్టుకుని నిలబడి, “పొడుగెంతుంది సారు, గా నీడ?” అని అడుగుతోంది.

“రెండు మీటర్లకు జర ఎక్కువ.”

బిక్షమ్మ మడమకు కాలివేలు ఆనించి, పాదాలను ఒకదాని ముందు ఒకటి పెట్టుకుంటూ షెడ్డు నేల మీద నడిచింది. పరశురాం టేపు పట్టాడు. తొమ్మిది అడుగులు వచ్చాయి.

“కూలి దిగే యాళ్ల నీడ” అన్నది ఆమె, తనలో తాను అనుకున్నట్టు.

*

ఆ మాట అర్థం కావాలంటే బిక్షమ్మ ఎవరో తెలియాలి.

అచ్చంపేటకు ఇవతల, నల్లమల అంచు నీలంగా కనబడేంత దూరంలో ఉన్న ఊళ్లో పుట్టింది. తండ్రికి గానీ తాతకు గానీ గుంటెడు జాగా లేదు. నడక వచ్చిన నాటి నుంచి ఇతరుల చేన్లలోనే ఆమె కాళ్లు కాలాయి. మొగుడు యాదయ్య బొంబాయి వలసపోయి, ఊపిరితిత్తుల నిండా సిమెంటు నింపుకుని తిరిగొచ్చి, ఏడాదిలో పోయాడు. ఒక్కగానొక్క బిడ్డ స్వర్ణను కొత్తకోటలో ఇచ్చారు. మిగిలింది బిక్షమ్మ, ఆమె రెండు చేతులు, ఆమె నీడ.

నీడ అని ఊరికే అనడం లేదు. కూలికి పోయే ఆడవాళ్ల గుంపులో పొద్దు చెప్పే మనిషి ఒకామె ఉంటుంది. మేస్త్రీ చేతికి గడియారం ఉంటుంది, కాని ఆ గడియారం ఎప్పుడూ మేస్త్రీ మాటే వింటుంది. అందుకని ఆడవాళ్లు దాన్ని నమ్మరు. తమలో ఒకామె తన నీడను తన అడుగులతోనే కొలిచి, ఆ కాలానికి ఎన్ని అడుగులు నిండాలో అన్ని నిండగానే “పొద్దు దిగింది” అంటుంది. ఆ మాట పడగానే గంపలు కిందికి దిగుతాయి. మేస్త్రీ ఎంత అరిచినా మళ్లీ లేవవు. ఎండాకాలంలో తొమ్మిది అడుగులు. ఇరవై ఏళ్ల పాటు ఆ మాట చెప్పింది బిక్షమ్మే. తప్పు చెప్పిందని ఎవరూ ఎన్నడూ అనలేదు.

తెలంగాణ వచ్చాక రెండో ఎండాకాలంలో, చెరువులూ బోర్లూ ఒకేసారి ఎండిన ఏడు, ఊరికి రెండు మైళ్ల దూరంలో పట్నపు ఆసామి ఒకడు నలభై ఎకరాలు కొన్నాడు. మామిడితోట పెడతానన్నాడు. ముందు రాళ్లు ఏరాలన్నాడు. ఇరవైమంది ఆడవాళ్లు రెండు నెలలు వంగి, ఆ నేలను అరచేయిలా నున్నగా చేశారు. ఆ పనిలోనే, మే నెలలో ఒక సాయంత్రం, పుష్పమ్మ రాళ్లగంప పక్కన కూలబడి మళ్లీ లేవలేదు. వడదెబ్బ అన్నారు. నలభై ఏళ్ల మనిషి.

పుష్పమ్మ శ్యామలమ్మకు సొంత చెల్లెలు. ఆ రోజు శ్యామలమ్మ ఊళ్లో లేదు, కోడలి కాన్పుకు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి చెల్లెలిని చాప మీద పడుకోబెట్టి ఉంచారు. ఆ తర్వాత చాలా ఏళ్ల వరకు ఆమె ఆ నేల దిక్కుకు పోలేదు. అటుగా పని ఉంటే మైలు చుట్టు తిరిగి పోయేది.

మామిడితోట రాలేదు. ఆ నేలలో ఏ మొక్కా నిలవలేదు. ఆసామి విసిగిపోయి, మూడేళ్ల కింద ఆకాశంలోకి సాటిలైట్లు పంపే పట్నపు కంపెనీకి కిరాయికి ఇచ్చాడు. వాళ్లకు కావలసింది సరిగ్గా అలాంటి నేలే. రాయి లేకుండా, చెట్టు లేకుండా, ఏ కాలంలోనూ మారకుండా ఉండాలి. పాత బొమ్మలు తీసి చూస్తే, చుట్టూ చేన్లు పచ్చబడి ఎర్రబడి మళ్లీ పచ్చబడుతున్నాయట, ఆ నలభై ఎకరాలు మాత్రం ఏ బొమ్మలో చూసినా అదే రంగట. కంపెనీవాళ్లు అది విని సంతోషపడ్డారు. ఊరివాళ్లు విని నోళ్లు మూసుకున్నారు. కాపలా పనికి ఎవరూ ముందుకు రాలేదు. బిక్షమ్మ ఒక్కతే వెళ్లి, “నేను చేస్త” అన్నది. ఎందుకు వెళ్లిందో శ్యామలమ్మకు అప్పుడు తెలియదు. తిండికి తిప్పలు అనుకుంది.

*

ఆ నేల మీద ఐదు పెద్ద గుడ్డలు పరిచి ఉంటాయి, ఒక్కోటి పెండ్లి పందిరంత. ఈ అంచున తెల్లది, ఆ అంచున నల్లది, నడుమ మూడు బూడిదరంగువి. ఊరివాళ్లు వాటిని చాపలంటారు. ‘చాపల జాగా’ అనేసరికి బయటివాళ్లు చేపల చెరువేమో అనుకుని గాలాలు పట్టుకుని వచ్చిన సంగతి కూడా ఉంది.

చాపలు ఎందుకో పరశురామే శ్యామలమ్మకు చెప్పాడు. “దవాఖానల కండ్ల డాక్టరు గోడ మీద అక్షరాలు సూపిస్తడు గద అవ్వా. గట్లనే. మా సాటిలైట్లు ఎనిమిది. పైన తిరుగంగ తిరుగంగ వాటి కండ్లు మసకబారుతయి. ఒకదానికి తెల్లది పసుప్పచ్చగ కనబడ్తది, ఒకదానికి నల్లది బూడిదగ కనబడ్తది. అన్నీ వచ్చి గీ చాపలు సూస్తయి. చాప అసలు రంగెంతో మేము కింద కొలుస్తం. తేడా ఎంతుందో సూసి కండ్లు సరిజేస్తం. ఏ చేను ఎండుతాంది, ఏ చెరువు నిండింది అన్నది మేము చెప్పుడు గీ తెల్లచాప మీదనే ఆధారపడ్డది.”

అంటే దేశంలోని చేన్లన్నిటికీ తెలుపంటే ఇదీ అని చెప్పేది బిక్షమ్మ ఊడ్చిన చాపే. శ్యామలమ్మకు ఆ సంగతి బాగా నచ్చింది. ఊళ్లో పదిమందికి చెప్పింది. చెప్పేటప్పుడు బిక్షమ్మ పేరుకు ముందు ‘మా’ అని చేర్చింది.

మొదటి వారంలో బిక్షమ్మ ఒక తప్పు చేసింది. పెద్దవాళ్లు వచ్చి చూసే జాగా గదా అని చాపల చుట్టూ పేడనీళ్ల సానుపు చల్లి, అంచుల వెంట ముగ్గు పెట్టింది. పట్నంలో ఒక పూటంతా ఆ గీతలు ఏమిటో తెలియక తలలు పట్టుకున్నారట. “వచ్చేటోళ్లకు ముగ్గు పెట్టొద్దంటే ఎట్ల సారు?” అని ఆమె అమాయకంగా అడిగితే పరశురాం అరగంట నవ్వాడు.

తర్వాత తప్పు లేదు. పొద్దున ఎనిమిదింటికి ఆకాశం చూసి ఫోన్ చేస్తుంది. “మబ్బు లేదు సారు” అంటే ఆ రోజు ఏ సాటిలైటు ఇటు మొహం తిప్పాలో పట్నంలో రాసుకుంటారు. “పదింటికి మబ్బొస్తది” అంటే దాన్ని వేరే దిక్కుకు మళ్లిస్తారు. ఫోన్లో వాన చూపించే బొమ్మకన్నా ఆమె మాట నయమని రెండో ఏడు నుంచి వాళ్లు ఆమె మాట మీదనే పని నడిపిస్తున్నారు. సాటిలైట్లకు ఆమె పేర్లు కూడా పెట్టుకుంది. నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చేది కుంటిది. అన్నిటికన్నా పాతది పెద్దవ్వ, దానికి కన్ను పసుప్పచ్చ. ఎప్పుడూ ఏదో ఒకటి చెడేది దొంగముండ. పేర్లు విని శ్యామలమ్మ మొదటిసారి ఆ జాగాకు వచ్చింది, చూద్దామని. వచ్చాక రోజూ రావడం అలవాటైంది. చెల్లెలు పడిన చోటు ఎక్కడో ఆమె అడగలేదు, బిక్షమ్మ చెప్పలేదు.

ఇద్దరూ షెడ్డులో కూర్చుని, చాపల మీది నిశ్శబ్దాన్ని చూస్తూ ఉండేవారు. పిట్టలు ఆ చాపల మీద వాలవు. నల్లచాప మీద వాలకపోవడం సరే, వేడి. తెల్లచాప మీద కూడా వాలవు. పైన గుంపుగా వచ్చే చిలుకలు అక్కడికి రాగానే రెండుగా చీలి, దాటాక మళ్లీ ఒకటవుతాయి. నడుమ ఎవరో నిలబడి ఉంటే తప్పుకుని పోయినట్టు. చుక్క సంగతి బయటపడేదాకా ఆ చీలడం గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

*

కొట్లాట జరిగిన మూడో రోజు పరశురాం మళ్లీ వచ్చాడు. ఈసారి బిక్షమ్మనే అడిగాడు.

“జర చాప మీద నిలబడు బిక్షమ్మా, చుక్క కనబడిన జాగల. పదిన్నరకు పెద్దవ్వ వస్తది. సూద్దాం.”

“నిలబడొద్దని కొట్లాడినోనివి నువ్వే గద బిడ్డా?” అన్నది శ్యామలమ్మ.

“గిప్పుడు నేనే నిలబడమంటున్న అవ్వా. నాకూ పని నడవాలె గద.”

బిక్షమ్మ చెప్పులు విడిచి వెళ్లి నిలబడింది. చాప మీద ఆమె ఒక్కతే. చలికాలపు ఎండ, గాలి కూడా లేదు. పది నిమిషాలు కదలకుండా నిలబడి వచ్చి, కాళ్లు చూసుకుంది. “సల్లగున్నయి” అన్నది. శ్యామలమ్మ ముట్టుకుని చూసింది. అరికాళ్లు బావిలో నీళ్లలా ఉన్నాయి.

మధ్యాహ్నానికి బొమ్మ వచ్చింది. తెల్లచాప మీద ఇప్పుడు రెండు చుక్కలు. ఒకదాని నీడ పడమటికి, ఒకదాని నీడ తూర్పుకు. రెండు చుక్కల నడుమ జానెడు ఎడం కూడా లేదు. ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్నట్టుగా ఉన్నాయి.

పరశురాం లేచాడు. కర్రకు బిగించిన వెలుగు కొలిచే యంత్రాన్ని తీసుకుని తెల్లచాప మీదికి వెళ్లాడు. ఎండ నూరుపాళ్లు పడితే తెల్లచాప ఎనభై తిరిగి ఇవ్వాలి. చాపంతా ఎనభై, ఎనభై, ఎనభై చూపించింది. ఆ ఒక్క చోట అరవై ఒకటి. అక్కడ కంటికి మరక లేదు, నీడ లేదు. అతను తన నీడ పడకుండా చుట్టూ తిరిగి మళ్లీ కొలిచాడు. అరవై ఒకటి. మనిషి నీడ పడితే ఎంత తగ్గుతుందో అంత.

“సామాను చెడిందా?” అని శ్యామలమ్మ షెడ్డులోంచి కేక వేసింది.

“లేదవ్వా” అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆ చోటును తొక్కకుండా చుట్టు తిరిగి వచ్చాడు. ఇంజినీరు అలా తిరిగి రావడం చూశాక శ్యామలమ్మ షెడ్డు లోపలికి జరిగి కూర్చుంది.

వెళ్లేముందు అతను చెప్పిన మాట ఇది. వచ్చే నెలలో కొత్తగా నాలుగు సాటిలైట్లు పైకి పోతున్నాయి. వాటి కళ్లు మొదటిసారి తెరిచినప్పుడు చూడవలసింది ఈ తెల్లచాపనే. అప్పటికి చుక్క పోతే సరే. పోకపోతే చాపలు చుట్టేసి ఎక్కడో ఎడారిలో పరుస్తారు. పైవాళ్లు తేల్చి చెప్పేశారు.

“పోనీ, పోనీ” అన్నది శ్యామలమ్మ. “గీ దయ్యాల కొంప నీకెందుకే బిక్షమ్మా? నీ బిడ్డ కాడికి పో.”

బిక్షమ్మ పరశురాంను అడిగింది. “చాపలు తీసినంక గీ మనిషి కనబడదా సారు?”

“ఎట్ల కనబడ్తది? నల్లనేల మీద నల్లచుక్క. తెల్లది పరిచినందుకు, పోయిన వారం సంది జర దగ్గరికి తీస్తున్నందుకు మనకు దొరికింది. ఎన్నేండ్ల సంది ఉందో ఎవలికి ఎరుక.”

“చాపలు తీసినంక గూడ ఉంటది గదా?”

అతను కంప్యూటర్ మూసి జీపు ఎక్కాడు.

*

తర్వాత పది రోజులు బిక్షమ్మ ఇంటికి వేళకు రాలేదు. నాలుగు దాటేదాకా ఆ జాగాలోనే ఉంటోంది. ఏం చేస్తున్నావే అంటే, “గంజి తాగిన”, “చీపురు కట్టిన” అని దాటవేసేది. పరశురాం ఫోన్ చేసి కొత్త బొమ్మల సంగతి ఆమెకు మాత్రమే చెప్పేవాడు. ఆమె వినేది, పెట్టేసేది.

పదకొండో రోజు మిట్టమధ్యాహ్నం శ్యామలమ్మ వాకిట్లో అనపకాయలు ఒలుస్తుంటే బిక్షమ్మ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఎండలోనే నిలబడింది.

“అక్కా, గా చాప మీదున్నది పుష్పమ్మ.”

శ్యామలమ్మ చేతిలోని కాయ ఒలవడం ఆపలేదు. ఆమెకు ఆ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. చిలుకలు చీలడం చూసిన నాటి నుంచి తెలుసు. తెలుసని తనకు తాను చెప్పుకోలేదు, అంతే.

“నేను కూలి దిగే యాళ్ల పోయి పిలిచిన. పొద్దు దిగింది పుష్పమ్మా, ఇంటికి పో అన్న. తెల్లారి బొమ్మల చుక్క వెడల్పైంది. నీడ సగమైంది. సారుకు సమజ్ కాలె. నాకైంది. వంగింది అక్కా. నా గొంతు ఇనంగనే మళ్ల వంగి రాళ్లేరుతాంది. మూడుసార్లు పిలిచిన. మూడుసార్లు వంగింది.”

“నీ గొంతింటే ఎందుకు వంగుతది?” అన్నది శ్యామలమ్మ.

బిక్షమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. ఏడవలేదు. చెప్పేసింది.

“గా దినం పగటి బువ్వల కాడ అది నన్ను ఎక్కిరించింది. ‘మేస్త్రీకి గడియారముంది, బిక్షమ్మకు నీడుంది, రెంటిల సెల్లు అయిపోయింది’ అన్నది. అందరు నవ్విండ్రు. ఏం పెద్ద మాట కాదు. రోజూ అనుకునేటియే. గా దినం నాకు కాలింది. నాలుగు కాంగ అది నడుం పట్టుకొని లేసి, ‘దిగిందా పొద్దు?’ అని అడిగింది. నేను లేసి కొలిచిన. తొమ్మిది నిండినయి. నిండినయి అక్కా, పదో దాంట్ల వేలు పడ్డది. ‘ఏడే’ అన్న. ‘నా నీడల సెల్లు లేదంటివి గద, ఏడే చూపిస్తాంది, వంగు’ అన్న. అది నవ్వి వంగింది. మిగిలినోళ్లు గూడ వంగిండ్రు. ఇంకొక గంట. గా గంటలనే పడ్డది.”

వాకిట్లో కోడి ఒకటి ఒలిచిన గింజల్లోకి వచ్చింది. శ్యామలమ్మ దాన్ని అదిలించలేదు. నాలుక మీదికి వందమాటలు వచ్చాయి. అరవై ఎనిమిదేళ్లలో ఆమె నాలుకకు మాట కరువైన రోజు లేదు. ఆ రోజు మాటలన్నీ వచ్చి పళ్ల దగ్గర నిలబడ్డాయి, ఒక్కటీ బయటికి దాటలేదు. ఎనిమిదేళ్ల పాటు ఈ మనిషి తన వాకిట్లో నీళ్లు తాగింది, తన జొన్నరొట్టె తిన్నది, జ్వరం వస్తే తన కాళ్లు పిసికింది. చెల్లెలి దినానికి అందరికన్నా ముందు వచ్చి పొయ్యి వెలిగించింది.

“ఎందుకు చెప్పినవే?” అని చివరికి అన్నది. “చెప్పకుంట సచ్చిపోతే అయిపోయేది గదా. నాకెందుకు చెప్పినవ్?”

“సచ్చిపోదామనే అనుకున్న. గా జాగల కాపలకు పోయింది గూడ అందుకే. దాని కాడ ఉంట సచ్చేదాక అనుకున్న. గిప్పుడు ఇరవై దినాలకు చాపలు చుట్టేస్తరు. గేటుకు తాళమేస్తరు. ఎండల, వానల, అది అట్లనే వంగి ఉంటది. నేను చెప్పిన మాట మీద.”

“కొడ్త నిన్ను.”

“కొట్టు. తర్వాత కొట్టు. ముందు నేను చెప్పేది ఇను.”

బిక్షమ్మ అప్పుడు కూర్చుంది, గడప ఇవతల, మట్టిలో. శ్యామలమ్మ కాళ్లు పట్టుకోలేదు, చేతులు జోడించలేదు. కూలి గుంపులో పని పంచుకునేటప్పుడు మాట్లాడినట్టే మాట్లాడింది.

“నా మాట అది నమ్మది. నమ్మొద్దు గూడ. నీ మాట నమ్ముతది. సిన్నప్పటి సంది దాన్ని చేన్ల నుంచి ఇంటికి పిలిచింది నువ్వేనంట గద, అదే చెప్పేది. రేపు నాతోటి రా. నేను కంచె బయటనే ఉంట, నోరు తెరువ. నువ్వు తెల్లచాప కాడికి పో. గడియారం సూసి పిలువకు అక్కా, మోసమనుకుంటది. నీ నీడను నువ్వే కొలువు, దానికి ఇనబడేటట్టు ఒకటి, రెండు, మూడు అని పెద్దగ లెక్కబెట్టు. దానికి ఎండకాలపు లెక్కనే ఎరుక, తొమ్మిది నిండినంకనే పిలువు. పొద్దు దిగింది పుష్పా, గంప అక్కడ్నే పెట్టి రా అను. అటెంక నీ నడక నువ్వు ఇంటికి నడువు. రాంగనే అది కాళ్లు కడుక్కుంటది, వాకిట్ల నీళ్లు పెట్టి పెట్టు. చెంబుడు సాలవు అక్కా, ఎనిమిదేండ్ల దుమ్ము. బకెట్ నింపి పెట్టు.”